ఓరుగల్లును మరల గెలిచిన సేనాని – ముసునూరి కాపయ నాయకుడు

ఓరుగల్లు కోటలోని కీర్తితోరణములను చూచి వచ్చిన విద్యార్థిని, వాని నడుమ నుండిన స్వయంభూదేవుని ఆలయ మెప్పుడు కూలెనని యడిగిన, కాకతీయ రాజ్యము పతనమైన 1323లో అని తడుముకొనక చెప్పును. ఆ కోట మరల తెలుగువారి చేతి కెప్పుడు వచ్చెను, ఎవరు తెచ్చిరి అని యడిగినచో మాత్రము ఊరకుండును. తప్పు విద్యార్థిది కాదు. మన పాఠ్యపుస్తకములు సాధారణముగా ప్రతాపరుద్రుని పతనముతో ఒక ప్రకరణమును ముగించి, మరుసటి పుటలోనే తుంగభద్రాతీరమునకు, విజయనగర స్థాపనమునకు సాగిపోవును. ఆ రెండు పుటల నడుమ నలువదియైదేండ్ల కాలము జారిపోయినది. అందు ముప్పదిరెండేండ్లు ఓరుగల్లు గద్దెపై నున్నవాడు ముసునూరి కాపయ నాయకుడు. పారశీక చరిత్రకారులు కొందఱు ఆయనను కన్యా నాయకుడనియు, కొందఱు కృష్ణ నాయకుడనియు వ్రాసిరి. పేరు మాఱుటచేత కూడ ఆ వీరుడు కొంతకాలము మఱుగున పడెను.

గోదావరికి ఉత్తరపు గట్టున నున్న మా మందమర్రి, మంచిర్యాల ప్రాంతముల బాలబాలికలకు ఈ కథ పరాయిది కాదు. ఢిల్లీ సైన్యములు ఓరుగల్లుపైకి వచ్చిన దారులలో ముఖ్యమైన దొకటి ఇటనుండియే పోయినది. 1303లో అల్లావుద్దీన్ ఖిల్జీ పంపిన మొదటి సైన్యము వంగ, ఉత్కళముల మీదుగా చుట్టు తిరిగి వచ్చి, కరీంనగరు ప్రాంతపు ఉప్పరపల్లి కడ కాకతీయ సేనల చేత చావుదెబ్బ తిని మఱలినది. ఆఱేండ్లకు మలిక్ కాఫూరు వచ్చునప్పుడు ఆ పొరపాటు చేయలేదు. దేవగిరి వైపునుండి వచ్చి, మొదట ఒక సరిహద్దు కోటను పట్టుకొనెను. ఆ కోటను చరిత్రకారులు నేటి కొమురం భీం జిల్లాలోని సిర్పూరుగా గుర్తించిరి. అక్కడనుండి గోదావరి దాటి ఓరుగల్లు చేరి, 1310 ఆరంభములో ప్రతాపరుద్రుని చేత కప్పము గట్టించుకొని పోయెను. తరువాత ఢిల్లీలో ఖిల్జీలు పోయి తుగ్లకులు వచ్చిరి. గియాసుద్దీన్ తుగ్లకు కుమారుడు ఉలూగ్ ఖాను, అనగా తరువాత మహమ్మద్ బిన్ తుగ్లకుగా పేరుమోసినవాడు, ఒకసారి ముట్టడించి విఫలుడై, కొలది నెలలకే మరల వచ్చి 1323లో కోటను పట్టెను. ప్రతాపరుద్రుని బందీగా ఢిల్లీకి తీసికొనిపోవుచుండగా నర్మదాతీరమున ఆయన తనువు చాలించెను. ఓరుగల్లునకు సుల్తానుపురమని పేరు పెట్టిరి.

కోట కూలెనే గాని సైనికులందఱును కూలలేదు. కాకతీయుల సైన్య విధానమును ఇచట కొంచెము తెలిసికొనవలెను. రాజు ఒక్కొక్క నాయకునకు కొన్ని గ్రామముల నిచ్చును. ఆ నాయకుడు వాని ఆదాయముతో ఇంత కాల్బలమును, ఇన్ని గుఱ్ఱములను, ఇన్ని ఏనుగులను పోషించి, పిలుపు వచ్చినప్పుడు రాజు జెండా క్రిందికి రావలెను. కోటకు డెబ్బదియేడు బురుజులనియు, ఒక్కొక్క దానికి ఒక్కొక్క నాయకుడు రక్షకుడనియు ప్రతీతి. రాజు పోయినను ఈ నాయకులు తమ తమ ఊళ్లలో, తమ బంట్లతో మిగిలియుండిరి. వారిని కూర్చువాడు లేకపోయెను. ఆ పనికి పూనుకొన్నవాడు కాపయ పెదతండ్రి పినతండ్రుల శాఖలోని అన్న, పోచి నాయకుని కుమారుడు ముసునూరి ప్రోలయ నాయకుడు. కాపయ దేవనాయకుని కుమారుడు.

ప్రోలయ ఎన్నుకొన్న తావును చూచినచో ఆయన యుద్ధజ్ఞత తెలియును. మా ఊళ్ల ప్రక్కనుండి పాఱు గోదావరియే మంథని దాటి, భద్రాచలము దాటి, శబరీనదితో కలియు చోట కొండల నడుమ ఇఱుకుగా పోవును. ఆ కొండల దాపున రేకపల్లి యను ఊరు కలదు. మాల్యవంతము దాని వెనుకనుండు కొండ. గుఱ్ఱపుదండు బలము మైదానములలో. అడవిలో, కనుమలలో, నదీతీరపు బురదలో విలుకాడే బలవంతుడు. రేకపల్లిని నెలవుగా చేసికొని ప్రోలయ చెదరిన నాయకులను పోగుచేసి, తీరభూములనుండి తుగ్లకు అధికారులను తఱిమివేసెను. కోనసీమలోని విలస గ్రామమును వెన్నయ యను పండితునకు దానము చేయుచు ఆయన వేయించిన తామ్రశాసనము మన చరిత్రకు పెన్నిధి. ప్రతాపరుద్రుడను సూర్యుడస్తమించిన పిదప లోకమును క్రమ్మిన చీకటిని, దోపిడిని, కూలిన గుళ్లను, అపహరింపబడిన అగ్రహారములను, కర్షకుల దుఃఖమును ఆ శాసనకవి కండ్లకు గట్టినట్లు చెప్పెను. కావ్యోక్తులలో అతిశయము ఉండక మానదు. అయినను పాడైన అగ్రహారములను ప్రోలయ మరల నిలిపెననుటకు, ప్రజలనుండి ఆఱవ పాలు మాత్రమే గైకొనెననుటకు అదియే ఆధారము. ఈ సంగ్రామములన్నిటను కాపయ అన్న ప్రక్కన నుండి పోరాడెను. ఆయన యుద్ధ విద్యాభ్యాసము గరిడీలో గాక ఈ అడవి దారులలో జరిగినది.

ప్రోలయ 1330 తరువాత కొలది సంవత్సరములలోనే స్వర్గస్థుడాయెను. తీరము విముక్తమైనది. ఓరుగల్లు మాత్రము పరుల చేతనే యుండెను. నాయకులు కాపయను ముందుంచుకొనిరి. డెబ్బదియైదుగురు నాయకు లాయనను కొలిచిరని తరువాతి శాసనమొకటి చెప్పుచున్నది.

ఇచట ఎదుటి పక్షమున నున్నవాని సంగతి చెప్పక తప్పదు. ఓరుగల్లులో తుగ్లకు ప్రతినిధి మలిక్ మక్బూల్. ఇతడు ఢిల్లీవాడు కాడు, తెలుగువాడే. ప్రతాపరుద్రుని కొలువులో ఉన్నత పదవి నందిన యోధుడు. రాజుతో బందీయై పోయి, రాజు దారిలో మరణింపగా, సుల్తాను నెదుట ఇస్లామును స్వీకరించి మక్బూలను పేరు పొందెను. మారన తన మార్కండేయ పురాణమును అంకితమిచ్చిన గన్నయ సేనాని యితడే యని పండితులు పెక్కుమంది తలచుచున్నారు. అది నిజమైనచో, తెలుగు కావ్యమునకు కృతిభర్తయైనవాడు ఢిల్లీ సుల్తాను పక్షమున ఓరుగల్లును కాచుచుండగా, అతని పాత సహచరుల వంశీయులు ఆ కోటను ముట్టడించిరన్నమాట. మతములు రెండు, రాజ్యములు రెండు, కాని కోటగోడకు ఇరుప్రక్కల వినవచ్చినది ఒకే భాష. ఈ సంగతిని విద్యార్థులకు చెప్పునప్పుడు దానిని కేవలము మత యుద్ధముగా కుదించి చెప్పుట తగదని నా అభిప్రాయము.

అవకాశము 1335లో వచ్చినది. దక్షిణమున మధురలో సుల్తాను ప్రతినిధి జలాలుద్దీన్ అహ్సన్ తిరుగబడి తానే సుల్తానునని ప్రకటించుకొనెను. అతనిని అణచుటకై మహమ్మద్ బిన్ తుగ్లకు స్వయముగా పెద్ద సైన్యముతో ఓరుగల్లు వఱకు వచ్చెను. అక్కడ సైన్యమున మారి చెలరేగినది. భటులు ఈగలవలె రాలిపోయిరి. సుల్తానును జబ్బుపడెను. దండయాత్ర అంతటితో సరి. వెనుకకు పోవుచు బీడు పట్టణముకడ ఆయన పన్నొకటి ఊడిపోగా, దానిని పాతిపెట్టి దానిమీద ఒక సమాధి కట్టించెనని ఫిరిస్తా వ్రాసెను. పన్నునకు సమాధి గట్టించిన చక్రవర్తి పేరు విద్యార్థులు ఇక మఱువరు గాన ఇచట చెప్పితిని.

ఆ సైన్యము నీరసించి మఱలుటను కాపయ చూచెను. కాని వెంటనే తొందరపడి కోటమీద పడలేదు. తన బలమెంతయో, కోటగోడల బలమెంతయో ఆయన యెఱుగును. దక్షిణమున హోయసల వీరబల్లాలుడు అప్పటికి నిలిచియున్న హిందూరాజులలో పెద్ద. కాపయ అతనితో మంతనము సాగించెను. ఒకరు ఉత్తరమునుండి, ఒకరు దక్షిణమునుండి ఒకే కాలమున లేచిన, ఢిల్లీ ఎవరికి సహాయము పంపవలెనో యెఱుగక తికమకపడునని వారి యెత్తుగడ. బల్లాలుడు సైనిక సహాయము పంపెను. 1336లో కాపయ ఓరుగల్లును ముట్టడించెను. మక్బూలు నిలువలేక తప్పించుకొని ఢిల్లీకి పోయెను. పదుమూడేండ్ల తరువాత కోట తెలుగు నాయకుల చేతికి వచ్చినది. ఢిల్లీ మరల ఎన్నడును తెలంగాణమును నేరుగా ఏలలేదు. మూడు శతాబ్దములకు పైగా గడచి ఔరంగజేబు గోలకొండను పట్టు వఱకు అటువంటి దినము రాలేదు. ఓడిపోయిన మక్బూలు కథ మఱొక తీరున సాగినది. అతడు ఢిల్లీలో అంచెలంచెలుగా ఎదిగి, ఫిరోజ్ షా కాలమున ఖానె జహాన్ బిరుదముతో ప్రధానమంత్రియై ఆ సామ్రాజ్యమును నడపెను. అతని అష్టకోణపు సమాధి ఢిల్లీలో నిజాముద్దీను ప్రాంతమున నేటికిని కలదు. ఖానె జహాన్ తిలంగానీ యని దాని పేరు. ఓడినవానికి సమాధి కలదు. గెలిచిన కాపయకు ఓరుగల్లులో ఒక చిన్న గుఱుతైనను నాకు కానరాలేదు.

ఆంధ్రదేశాధీశ్వరుడు, ఆంధ్ర సురత్రాణుడు అను బిరుదములను శాసనములు కాపయకు చెప్పుచున్నవి. సురత్రాణుడనగా సుల్తాను అను పదమునకే సంస్కృతపు తొడుగు. శత్రువుల బిరుదమును తెచ్చి తన తలపాగలో తుఱుముకొనుట ఆనాటి రాజుల యలవాటు; విజయనగర రాజులును అట్లే చేసిరి. అయితే బిరుదము ఎంత పెద్దదైనను అధికారము అంత పెద్దది కాకపోయెను. కాపయ వంశపారంపర్యముగా వచ్చిన చక్రవర్తి కాడు. సమానులలో ముందునిలిచినవాడు. శత్రువు కోటలో నున్నంత కాలము నాయకులకు ఐకమత్యము అవసరమైనది. శత్రువు పోయిన మరునాటి నుండి ఎవరి దుర్గము వారికి ముద్దు. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి స్వతంత్రముగా రాజ్యము స్థాపించి కొండవీటివైపు సాగెను. శ్రీశైల, అహోబిలములకు మెట్లు కట్టించినది, ఎఱ్ఱాప్రగ్గడను పోషించినది ఆ వేమారెడ్డియే. కాపయను విడిచినవాడని అతనిని తూలనాడుట న్యాయము కాదు. అతడు కాచిన సీమయును తెలుగు సీమయే. పిఠాపురమున కొప్పుల నాయకులు, నల్లగొండ ప్రాంతమున ఆమనగల్లు, పిల్లలమర్రుల కడ రేచర్ల సింగమ నాయకుడు ఎవరికి వారై నిలిచిరి. ఎవరిని బలిమితో లొంగదీయుటకు కాపయ దండెత్తిన జాడ లేదు. అది ఆయన మంచితనమో, అశక్తతయో. నా యూహ రెండును కలవని.

ఆయన పాలనలోని ఒక చిన్న సంఘటన నా కెంతయు ముచ్చట గొల్పును. పిల్లలమర్రిలో ఎఱకేశ్వరాలయము కలదు. ఢిల్లీ సైన్యముల దండయాత్రలో అందలి లింగము భగ్నమైనది. 1357లో ఎఱపోతు లెంక యను ఒక బంటు దానిని మరల ప్రతిష్ఠించి, కాపయ నాయకుని పేరు చెప్పి శాసనము వేయించెను. లెంక యనగా రాజుకు ప్రాణమిత్తునని ప్రతిన పట్టిన భటుడు. గుడి కూలిన తరువాత ఎన్నో యేండ్లకు, ఒక సామాన్య యోధుడు తన చేతి ధనముతో దేవుని నిలుపుకొనగలిగిన శాంతి ఆ రాజ్యములో నుండెననుటకు ఆ రాయి సాక్షి.

ఇక కాపయ జీవితములో మిక్కిలి విమర్శకు పాత్రమైన ఘట్టము. 1347లో దక్కనులోని అమీరులు మహమ్మద్ బిన్ తుగ్లకు మీద తిరుగబడిరి. వారి నాయకుడు హసను గంగు. కాపయ అతనికి సహాయముగా కౌలాస కోటనుండి సైన్యమును పంపెను. పదునైదు వేలని ఫిరిస్తా లెక్క. తుగ్లకు సైన్యములు ఓడినవి. ఆ యేడు ఆగస్టు 3న హసను గంగు దౌలతాబాదులో అల్లావుద్దీన్ బహమన్ షా పేర సింహాసనమెక్కెను. బహమనీ రాజ్యము పుట్టినది. మూడేండ్లు గడచునో లేదో ఆ కొత్త సుల్తాను సహాయము చేసినవానిపైకే దండు నడపి, కౌలాస కోటను లాగికొనెను.

పామునకు పాలు పోసెనని కాపయను ఎగతాళి చేయుట సులభము. చేయువారు 1347 నాటి లోకమును తలచుకొనవలెను. ఢిల్లీ సుల్తాను ఇంకను జీవించియుండెను. దౌలతాబాదు ఆయన చేతిలో నున్నంత కాలము ఓరుగల్లుమీదికి మఱొక 1323 రావచ్చును. ఓరుగల్లునకు, ఢిల్లీకి నడుమ ఢిల్లీకి శత్రువైన రాజ్యమొకటి లేచుట కాపయకు లాభము. పైగా ఆయనకు తోడైన బల్లాలుడు మధుర సుల్తానులతోడి యుద్ధములో చిక్కి అప్పటికే ప్రాణములు కోల్పోయెను. దూరపు శత్రువును త్రోయుటకు దగ్గఱివానితో చేయి కలుపుట రాజనీతిజ్ఞులందఱు చేయునదే. లెక్క తప్పినది ఒక్కచోట: కొత్త రాజ్యమునకు ఎదుగుటకు చోటు కావలెను. పడమట కొంకణపు కనుమలు, ఉత్తరమున మాళవ, గుజరాతులు, దక్షిణమున నానాటికి బలియుచున్న విజయనగరము. తూర్పున విభక్తులైన నాయకుల తెలంగాణమే మెత్తగా కనబడినది.

కౌలాస నేటి కామారెడ్డి జిల్లాలో మహారాష్ట్ర సరిహద్దున నున్నది. ఆ కోట పోవుట తలుపు గొళ్లెము ఊడుట వంటిది. బహమన్ షా జీవితాంతమున దండయాత్రలు భువనగిరి వఱకు సాగినవి. ఆయన 1358లో మరణింపగా, కుమారుడు మహమ్మద్ షా గద్దెనెక్కెను. కొత్త సుల్తాను నిలదొక్కుకొనక ముందే పోయిన కోటలను రాబట్టవలెనని కాపయ, విజయనగరపు బుక్కరాయలు ఒక మాటమీద నిలిచిరి. ఇతడు కౌలాసను, అతడు రాయచూరును కోరిరి. మహమ్మద్ షా నెమ్మదిగా మాటలాడుచు కాలము గడపి, సైన్యము కూర్చుకొని, ఎదురు కప్పము కోరెను. కాపయ తన కుమారుడు వినాయకదేవుని సైన్యముతో కౌలాసపైకి పంపెను. ఆ దండు ఓడి వెనుదిరిగినది.

వినాయకదేవుని మరణకథ ఫిరిస్తా గ్రంథములో నున్నది. ఫిరిస్తా బిజాపురములో కూర్చుండి ఈ కథను రెండు శతాబ్దములకు పైబడిన పిదప వ్రాసెను. కావున అంకెలను కొంచెము జాగ్రత్తగా చదువవలెను. 1362లో కొందఱు గుఱ్ఱపు వర్తకులు సుల్తానువద్దకు వచ్చి, తాము అతనికై తెచ్చుచున్న మేలి గుఱ్ఱములను వేలంపట్టణమున వినాయకదేవుడు బలవంతముగా కొనెనని మొఱపెట్టుకొనిరి. ఆ కాలమున గుఱ్ఱమనగా నేటి యుద్ధ విమానము వంటిది. మన దేశమున మంచి గుఱ్ఱములు పుట్టవు. సముద్రము దాటి రావలెను. గుఱ్ఱములు ఎవరికి చేరునో జయము వారిది. సుల్తాను కోపించి నాలుగు వేల రౌతులతో రేయింబవళ్లు స్వారి చేసి హఠాత్తుగా వేలంపట్టణము చేరెను. ముందుగా కొందఱు భటులు దోచుకొనబడిన వర్తకుల వేషముతో కోటవాకిట కోలాహలము చేసిరి. తలుపులు మూయు లోపల సుల్తాను లోనికి దూకెను. వినాయకదేవుడు పట్టుబడెను. బందీయై నిలిచియు సుల్తాను ముఖముమీదనే పరుషముగా బదులు చెప్పెను. ఆ మాటలకు సుల్తాను అతని నాలుక కోయించి, యంత్రమున పెట్టి మండుచున్న చితిలోనికి విసరించెను.

అయితే అది అంతటితో ముగియలేదు. మఱలిపోవు సుల్తాను దండును తెలుగు విలుకాండ్రు దారి పొడుగున చెట్లచాటునుండి, గుట్టలమీదినుండి వెంటాడిరి. సుల్తాను డేరాలను, దోచిన సొమ్మును కాల్చివేసి పరుగుతీయవలసి వచ్చెను. అతనికిని గాయమాయెను. నాలుగు వేలమందిలో పదునైదు వందలే ఇల్లు చేరిరని ఫిరిస్తాయే ఒప్పుకొనెను. రేకపల్లి అడవులలో ప్రోలయ, కాపయలు అభ్యసించిన యుద్ధమే ఇది. ఎదుట నిలిచి గెలువలేనివాడు దారిని శత్రువునకు విషముగా మార్చును.

కొడుకును కోల్పోయిన వృద్ధ సేనాని పగతీర్చుకొనుటకు ఎవరిని అడుగవలెను? కాపయ తాను ముప్పదియేండ్ల క్రిందట తఱిమివేసిన ఢిల్లీనే అడిగెను. ఫిరోజ్ షా తుగ్లకునకు రాయబారము పంపి, దక్కనుమీదికి దండెత్తివచ్చినచో తోడ్పడుదునని తెలిపెను. అప్పుడు ఢిల్లీలో మంత్రిగా నున్నవాడు నాడు ఓరుగల్లునుండి పాఱిపోయిన మక్బూలే! ఢిల్లీ కదలలేదు. ఈ రాయబారపు వార్త మాత్రము మహమ్మద్ షా చెవినిబడెను. అతడు రెండు సైన్యములను నడిపించెను. ఒకటి గోలకొండమీదికి, ఒకటి ఓరుగల్లుమీదికి. కాపయ కోట విడిచి అడవులు పట్టెను. మా మందమర్రికి చేరువ, బొక్కలగుట్ట కడ గాంధారి ఖిల్లాను ఎక్కి చూచినవారికి, మన అడవికొండలలో కొలదిమంది ఎంత కాలము దాగియుండగలరో తేలికగా బోధపడును. సుల్తాను సైన్యములు రెండేండ్లు పొలములను, పల్లెలను పాడుచేయుచు తిరిగినవి. రాజు దొరకలేదు. పల్లెలు మాత్రము దొరికినవి. చివరకు కాపయ సంధికి దిగెను. పోరాడగలిగియు ప్రజలకొఱకు తలవంచెనని చెప్పుటకు ఆధారము చాలదు. అయినను రెండేండ్లు కాలిన పల్లెలను చూచిన పిదప తలవంచెననుట మాత్రము సత్యము.

సంధి షరతులు కఠినములు. మూడువందల ఏనుగులు, మేలుజాతి గుఱ్ఱములు, అపారధనము, అన్నిటిని మించి గోలకొండ. ఇకమీదట గోలకొండయే ఉభయరాజ్యములకు ఎల్ల. దానిని దాటి తన వంశమువారు ఓరుగల్లు జోలికి రారాదని సుల్తానుచేత వ్రాయించుకొని, కాపయ మఱొక కానుక పంపెను. అది నీలకాచముతో, బంగారుతో, రత్నములతో చేయబడిన సింహాసనము. పూర్వము మహమ్మద్ బిన్ తుగ్లకు కొఱకై చేయించినదని దాని ప్రతీతి. తఖ్తె ఫిరోజా యను పేరుతో బహమనీ సుల్తానులు తరతరములు దానిపై కూర్చుండిరి. ప్రతి సుల్తానును దానికి కొన్ని రత్నములు చేర్చెననియు, కడపటి కాలమున దానిని ఊడదీసి పాత్రలు చేయించిరనియు చెప్పుదురు. తెలుగు కమ్మరుల, కంసాలుల చేతిపనితనము అట్లు అన్యులకు పీఠమైనది.

గోలకొండ చేజారిన పిదప కాపయకు మిగిలినది ఓరుగల్లు, దాని చుట్టుపట్టు సీమలు. ఈలోపల దక్షిణమున రేచర్లవారు బలిసిరి. సింగమ నాయకుడు 1361లో జల్లిపల్లి కోట కడ శత్రువుల చేత హతుడుకాగా, అతని కుమారులు అనవోతుడు, మాదానాయకుడు తండ్రి పగ తీర్చుకొని, ఆ చుట్టుపట్టు రాజులను ఒక్కొక్కరినే కూల్చుచు వచ్చిరి. అనవోతుడు రాచకొండ దుర్గమును రాజధానిగా చేసికొనెను. రేచర్లవారును కాకతీయ సేవలో ఎదిగినవారే. ఢిల్లీవారినెదిర్చి కాకతీయుల పక్షమున పోరాడినవారి సంతతియే. బహమనీలు వారితో మైత్రి పాటించిరి. ఓరుగల్లును తాము ముట్టుకొనమని వ్రాసియిచ్చిన సుల్తానునకు, ఓరుగల్లు మఱొకరి చేత కూలుటయందు అభ్యంతర ముండవలసిన పని లేదు గదా!

1368 ప్రాంతమున ఓరుగల్లునకు చేరువలోని భీమవరము కడ రెండు తెలుగు సైన్యములు తలపడినవి. బహమనీలతో ఇరువదియేండ్లు పోరి, కొడుకును, కోటలను, ఏనుగులను కోల్పోయిన వృద్ధుడొక వైపు. నడివయసు బలిమిలో నున్న అన్నదమ్ములు మఱొక వైపు. నాడు 1336లో కాపయ వెంట నడచిన నాయకుల సంతతిలో ఎందఱు ఏ పక్షమున నిలిచిరో శాసనములు చెప్పవు. కాపయ నాయకుడు రణరంగమున నేలకొరగెను. ఢిల్లీ చేతను కాదు, బహమనీల చేతను కాదు.

అనవోత నాయకుడు ఓరుగల్లును గైకొనెను. 1369 నాటి అయినవోలు శాసనమున ఆంధ్రదేశాధీశ్వరుడను బిరుదము ఆయన పేరి ప్రక్క కనబడుచున్నది. కాపయ బిరుదమే అది. ఆ వంశమువారు పండితులు, రసికులు. అనవోతుని కుమారుడు సింగభూపాలుడు రసార్ణవసుధాకరమును రచించెను. కాపయను చంపినవారు కావున వారిని దూషింపవలెనని ఎవరైన తలచినచో, ఆ గ్రంథము తెఱచి ఒక పుట చదివిన పిమ్మట తలచుట మంచిది.

కాపయకు వారసులు రాజ్యము చేయలేదు. ఆయనకై కావ్యము వ్రాసిన కవియును కానరాడు. అయిదారు శతాబ్దములు ఆయన కథ రాగిరేకులలోను, పారశీక గ్రంథములలోను వేర్వేరు పేర్లతో పడియుండెను. రెండును ఒక్కని గుఱించినవే యని పోల్చి చూపి, ఈ కాలమును చరిత్రకు మరల తెచ్చిన గౌరవము మల్లంపల్లి సోమశేఖరశర్మగారిది. మఱువబడిన ప్రకరణమని అర్థమువచ్చు పేరుతో ఆయన 1945లో ముసునూరి నాయకుల చరిత్రను ఆంగ్లమున వెలయించిరి.

ఆ పరిశోధనకు ముఖ్యాధారములలో నొకటి కలువచేరు తామ్రశాసనము. దానిని 1423లో వేయించినది అనితల్లి. ఈమె కాటయ వేమారెడ్డి కుమార్తె, రాజమహేంద్రవరపు వీరభద్రారెడ్డి భార్య. ముసునూరివారిని విడిచి స్వతంత్రులైన రెడ్ల కులమున మెట్టిన రాణి ఆమె. ప్రోలయ తరువాత కాపయ రాజ్యమేలెననియు, డెబ్బదియైదుగురు నాయకు లాయనను కొలిచిరనియు, ఆయన స్వర్గస్థుడైన పిదప నాయకులందఱు తమ తమ తావులకు పోయి తమ నేలలను కాచుకొనిరనియు ఆ శాసనము చెప్పును. పోవుట నిజమునకు కాపయ బ్రతికియుండగానే మొదలైనది. రాణిగారి శాసనకవి మర్యాదగా దానిని మరణానంతరమునకు జరిపెను. ఆ రాగిరేకుల మీద అక్షరములు చెక్కిన ఒకటి రెండేండ్లకే, 1424–25లో, బహమనీ అహమ్మద్ షా సైన్యము ఓరుగల్లు కోటలో ప్రవేశించెను.